ఎవరూ వెయ్యని ముడి

నేను ఒక మైనపు దిమ్మని. కేకు మీద వెలిగించే జాతి కాదు లెండి, నన్ను వెలిగిస్తే ఉద్యోగాలు పోతాయి. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి, అందులో పాథాలజీ విభాగం, ఆ విభాగంలో ఇనప బీరువా, అందులో నాలుగో సొరుగు. అదీ నా చిరునామా. అగ్గిపెట్టెలో సగం ఉంటాను. వీపుకి తెల్లటి ప్లాస్టిక్ జాలీ, దాని అంచున పెన్సిలుతో రాసిన నంబరు. నా కడుపులో గోరంత బూడిదరంగు ముక్క ఒకటి కనిపిస్తుంది. దాన్ని చూసి ఎవరూ మనిషి అనుకోరు. అది మనిషే. చోడిపల్లి అసిరితల్లి అనే ఆవిడ అంగిట్లో పుట్టిన గడ్డలోంచి కోసిన ముక్క. మైనం నాది, మాంసం ఆవిడది. ఇద్దరం కలిసి కాపరం మొదలెట్టి చాలా ఏళ్ళయింది. సొరుగులో మాట్లాడేవాళ్ళు లేరు కాబట్టి, మనిషి దొరికితే వదలను. విసుక్కోకండి.

అసిరితల్లిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డు పేట. ముప్పై తొమ్మిదేళ్ళు. నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా చేపలమ్మేది. మొగుడు ఎర్రయ్య ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీదుంటాడు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరూ, అసిరితల్లి కూతురూ. అత్త పేరు కొర్లమ్మ. అరవై దాటిన మనిషి, గొంతు విప్పితే కెరటం కూడా ఒక్క క్షణం ఆగి వింటుంది.

ఈ కొర్లమ్మకి అడ్డపొగ అలవాటు. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. చుట్టని నిప్పున్న కొస బయటికి కాదు, నోట్లోకి పెట్టుకుని కాల్చడం. మా ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకిది పాత అలవాటే. గాలికి నిప్పు ఆరదు, ఒక్క చుట్ట పూటంతా వస్తుంది. నెత్తిన గంప, నోట్లో నిప్పు, కాళ్ళకింద కాలే ఇసక. అలాగే నలభై ఏళ్ళు నడిచింది కొర్లమ్మ. అసిరితల్లి చుట్ట కాల్చేది కాదు. పొద్దున్నే పొయ్యి దగ్గర అత్త చుట్ట తన నోట పెట్టుకుని అంటించి, రెండు దమ్ములు లాగి, నిప్పు రాజుకున్నాక అత్త చేతికిచ్చేది. అంతే. పదిహేడో ఏట కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ రోజూ అదే పని.

అంగిట్లో గడ్డ పెరిగి, ముద్ద మింగితే కలుక్కుమంటుంటే ఇద్దరూ ఆసుపత్రికొచ్చారు. అప్పటికి నేనింకా ఆవిడ అంగిట్లోనే ఉన్నాను కాబట్టి అక్కడ జరిగిందంతా నాకు తెలుసు. ఒక చిన్న డాక్టరు అసిరితల్లి నోట్లో చెక్కపుల్ల పెట్టి, లైటు వేసి చూస్తూ అడిగాడు. "చుట్ట అలవాటుందా?"

నోట్లో చెక్కపుల్ల పెట్టాక ఆవిడేం చెప్తుంది? అయినా మన దేశంలో కోడల్ని ప్రశ్న అడిగితే జవాబు అత్త దగ్గర్నుంచే వస్తుంది. అది రివాజు.

"నానే బాబూ, నానే సేసినాను" అంది కొర్లమ్మ, గుండె మీద చెయ్యేసుకుని. "పదిహేడేళ్ళ గుంట వచ్చినాది నా ఇంటికి. రోజూ నా సుట్ట అదే అంటించి నాకిచ్చీది. నా నోట్లో నిప్పు దాని నోట్లో ఎట్టీసినాను."

చిన్న డాక్టరు ఇంకేమీ అడగలేదు. బయట తొంభై మంది వరసలో ఉన్నారు. కాగితం మీద 'అడ్డపొగ, ఇరవై రెండేళ్ళుగా' అని రాసి, ముక్క కోయించి పంపించాడు. ఆ కాగితమే నా జన్మపత్రిక. పుట్టక ముందే నా జాతకంలో తప్పు పడింది.

ఇక నా పుట్టుక. ముక్కని ముందు మందునీళ్ళలో నానేశారు. తర్వాత దానిలోని నీరంతా లాగేసి, ఆ చోటులోకి కరిగిన మైనం పట్టించారు. గవరయ్య అనే టెక్నీషియను దాన్ని స్టీలు అచ్చులో పెట్టి, పైన మైనం పోసి, చల్లటి పలక మీద గడ్డకట్టించాడు. అలా నేను కళ్ళు తెరిచాను. గవరయ్య మంచి పనివాడు, కాకపోతే ప్రతి పది దిమ్మలకీ ఒకసారి వెనక గుమ్మం దగ్గరికెళ్ళి బీడీ కాల్చుకొస్తాడు. నన్ను కోత మిషనులో బిగించి చక్రం తిప్పితే నా ఒంట్లోంచి పొరలు జారతాయి. ఎంత పలచనంటే, ఉల్లిపొర వాటి ముందు గోనెపట్టా. ఆ పొరని గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజుపలక మీదకి ఎత్తి, రంగులద్ది డాక్టరు హైమవతి ముందు పెట్టాడు.

హైమవతమ్మ ఆ విభాగానికి పెద్ద. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టాల్సిందే. నా పొరని చూసింది. తర్వాత కాగితం చూసింది. మళ్ళీ పొర చూసింది. చిన్న డాక్టర్ని పిలిపించింది.

"ఇది పొగాకు గడ్డలా లేదయ్యా. పొగాకు పుట్టించేది పైచర్మంలో పుడుతుంది. ఇది లోపల లాలాజల గ్రంథిలో పుట్టింది. చూడు, జల్లెడ కన్నాల్లా ఎలా ఉందో. ఈవిడ అడ్డపొగ తాగుతుందని ఎవరు చెప్పారు?"

"వాళ్ళ అత్తగారు చెప్పారు మేడమ్."

"నోరు ఎవరిది? అడిగింది ఎవర్ని?"

అతను తలొంచుకున్నాడు. తలొంచుకున్నంత తేలికా, పడ్డ మాటని వెనక్కి తీసుకోవడం? అప్పటికే వార్డులో పదహారు మంచాలకీ పాకిపోయింది. 'అత్త సుట్ట కోడలికి ఎసరెట్టింది' అని పేటలో కూడా అనుకున్నారు. కొర్లమ్మ చుట్టల సంచీని ప్రహరీ అవతలకి విసిరేసింది. అన్నం మానేసింది. రెండు పూటలా టీ నీళ్ళు, అంతే. కోడలి మంచం దగ్గరికి రావడం మానేసి, వార్డు బయట మెట్ల మీద కూర్చునేది. ఒకరోజు గవరయ్యతో అంది. "సేపలేట సీజను అయిపోనాక నా కొడుకు గుజరాత్ నుంచొస్తాడు. ఆడికి నా మొకం ఏటి సూపించీది బాబూ? ఆడొచ్చే ముందే నాను ఎటో ఎల్లిపోతాను. మరి రాను." ఆవిడ ఊరికే బెదిరించే రకం కాదు. అన్న మాట చేసే మనిషని గవరయ్యకి భయం వేసింది.

మీ మనుషుల సంగతి నాకిప్పటికీ అర్థం కాదు. రోగం వస్తే మందు కంటే ముందు ముద్దాయిని వెతుకుతారు. ఇంకెవరూ దొరక్కపోతే మీరే బోనెక్కుతారు.

అంగిట్లో పుట్టే గడ్డల్లో జల్లెడ కన్నాలున్న రకం ఇంకోటి కూడా ఉంది, దాని వైద్యం వేరు. అందుకని జన్యువుల పరీక్ష చేయించి తేల్చుకుందామంది హైమవతమ్మ. ఆ పరీక్ష హైదరాబాదులో చేస్తారు. మా దగ్గర పద్ధతేమిటంటే, దిమ్మని రోగి తాలూకు మనిషే సంతకం పెట్టి పట్టుకెళ్ళాలి. కొర్లమ్మ వేలిముద్ర వేసింది. నన్ను దూదిలో చుట్టి ఇస్తూ గవరయ్య ఒకటే మాట చెప్పాడు. "మామ్మా, మే నెల. ఎండ తగిలితే కరిగిపోతాది. సల్లగా ఉంచు."

చేపలమ్ముకునే మనిషికి చల్లగా ఉంచమని చెప్పాడు చూడండి! ఆవిడ తిన్నగా ఫిషింగ్ హార్బరుకి వెళ్ళింది. ఒక థర్మోకోల్ పెట్టె, దాని నిండా పిండి చేసిన ఐసు. నన్ను పాలిథిన్ సంచుల్లో మూడు చుట్లు చుట్టి, మధ్యలో పాతిపెట్టింది. నిన్నటిదాకా ఆ పెట్టెలో వంజరం చేపలున్నాయి. పుట్టి పది రోజులు కాకుండానే నాకు చేపల కంపు అంటుకుంది. మొదట తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ వాసన పోతుందేమోనని బెంగ.

పగటి రైలు, జనరల్ పెట్టె. కొర్లమ్మ ఎప్పుడూ హైదరాబాదు చూడలేదు, చదువు రాదు, అడ్రసు కాగితం రవికెలో దోపుకుంది. పన్నెండు గంటలూ నన్ను ఒళ్ళోంచి దింపలేదు. ఐసు కరిగి చీరంతా తడిసింది. ఎదుట కూర్చున్నాయన "ఏం చేపలు మామ్మా?" అనడిగితే "సేపలు కాదు, నా కోడలు" అంది. ఆయన లేచి వేరే సీటుకి పోయాడు.

తుని దాటాక మూత కొంచెం ఎత్తి నాతో మాట్లాడటం మొదలెట్టింది. నాతో కాదు, నాలో ఉన్న మనిషితో.

"అసిరీ, ఒలే, సల్లగున్నాదా? నువ్వొచ్చిన కొత్తలో నీకు సుట్ట అంటించడం రాదు. దగ్గొచ్చి కళ్ళమ్మట నీళ్ళు కారీవి. నాను నవ్వీదాన్ని. ఎందుకు నవ్వినానే అమ్మా? వద్దులే గుంటా, నానే అంటించుకుంతాను అనొచ్చు కదా. నలబై ఏళ్ళు నిప్పు తిన్నాను, నాకేటీ కాలేదు. నీకు రెండు దమ్ములకే ఇలగైపోనాది. యముడికి కళ్ళు నేవు."

నాకు నోరుంటే ఆ రైల్లోనే అరిచేదాన్ని. 'ఓ కొర్లమ్మా, నాలో నీ పొగ లేదు తల్లీ' అని. నిజమంతా నా కడుపులో ఉంది, చెప్పే నోరు లేదు. ఇంతకంటే నరకం ఏముంటుంది?

హైదరాబాదు ల్యాబులో అమ్మాయి పెట్టె మూత తీసి ముక్కు మూసుకుంది. నన్ను బయటికి తీసి చూసి మాత్రం "భలే తెచ్చారమ్మా, కోసే ముందు మేమూ ఐసు మీదే పెడతాం" అంది. నన్నప్పజెప్పి కొర్లమ్మ తిరుగు రైలెక్కింది. వారం రోజులపాటు నా పొరల్ని రకరకాలుగా వేధించారు. అక్కడే నా గుట్టు నాకు పూర్తిగా తెలిసింది.

మీ ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకటే పుస్తకం ఉంటుంది. గోటి కణానికైనా, గుండె కణానికైనా, అంగిట్లో ఉమ్మి ఊరించే గ్రంథి కణానికైనా అదే. ఆ పుస్తకం నలభై ఆరు దారాల మీద రాసి ఉంటుంది. దారం కండెలకి బిగుతుగా చుట్టుకున్న చోట రాతని చదవడం కుదరదు, వదులుగా ఉన్నచోట కుదురుతుంది. ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి అన్నది రాతలో కాదు, రాత మీద పెట్టే చిన్న చిన్న గుర్తుల్లో ఉంటుంది. ఆ గుర్తులు పెట్టడానికీ చెరపడానికీ వేరే గుమాస్తాలున్నారు.

నాలో ఏం జరిగిందంటే, ఎప్పుడో ఒకనాడు ఒకే ఒక్క కణంలో, ఆరో దారం, తొమ్మిదో దారం తెగి, కొసలు తారుమారై అతుక్కున్నాయి. ఆరోదాని మీద మిబ్ అనే జన్యువుంది. ఒళ్ళు తయారయ్యే కాలంలో కణాల్ని పెరగండర్రా అని తరిమి, పనయ్యాక చాలాచోట్ల నోరు మూసుకుని పడుకోవాల్సిన జన్యువది. అతుకు పడ్డాక, ఎప్పుడూ వదులుగా తెరిచి ఉండే చోటొకటి దాని పక్కన చేరింది. ఇక దానికి నిద్రెక్కడిది? కేకలే కేకలు. పైగా గుర్తులు పెట్టే గుమాస్తాల్లో ఒకరిద్దరు చెడిపోయి, మూసి ఉంచాల్సిన పేజీలు తెరిచిపెట్టారు. గడ్డ మెల్లగా, ఏ తొందరా లేకుండా, నరాల వెంబడి పాకుతూ పెరిగింది. దారం ఎందుకు తెగిందంటారా? నాకు తెలీదు. డాక్టర్లకీ ఇంకా తెలీదు.

పొగ తాగిన నోటి గడ్డలో అయితే పుస్తకం నిండా పొగ కాల్చిన మచ్చలు, వేలకి వేలు ఉంటాయి. నాలో అవి లేవు. చుట్ట మంచిదని నేను అనట్లేదు, నా పక్క సొరుగు నిండా చుట్ట చంపిన వాళ్ళే ఉన్నారు. ఈ ఒక్క పాపం మాత్రం దానిది కాదంటున్నాను.

రిపోర్టుతో పాటు నేనూ కొరియర్ సంచీలో తిరిగొచ్చాను. దారిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. హైమవతమ్మ రిపోర్టు చదివి, అత్తాకోడళ్ళిద్దర్నీ తన గదికి పిలిపించింది. నేను బల్ల మీద ట్రేలో ఉన్నాను.

"ఇది చుట్ట వల్ల వచ్చింది కాదు" అంది, ఉపోద్ఘాతం లేకుండా.

అసిరితల్లి ముందు తన సంగతి అడగలేదు. "నా కూతురు గుంటకొస్తాదా అమ్మా?" అంది.

"రాదు. నువ్వు పుట్టినప్పుడు ఉన్నది కాదిది. ఈ గడ్డలో, ఈ గడ్డ వరకే జరిగింది. నీ పిల్లకి అందేది కాదు."

అసిరితల్లి కళ్ళు మూసుకుని పెద్ద ఊపిరి వదిలింది. కొర్లమ్మ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "మీరు మంచోలు అమ్మా. ముసిల్దాని మనసు కోసం సెప్తన్నారు" అంది.

హైమవతమ్మ లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీలో చిన్న డాక్టర్లు కూడా కూర్చోరు. నా పొరని మైక్రోస్కోపులో పెట్టి, ఒక కన్ను మూసి ఎలా చూడాలో చూపించింది. కొర్లమ్మ వంగి చూసింది. కన్ను మార్చి మళ్ళీ చూసింది.

"ఓలమ్మా! వల!" అంది చివరికి. "కన్నాలు సమంగా నేవు. అల్లడం రానోడెవుడో అల్లినాడు."

"అదే మామ్మా. లోపల రెండు తాళ్ళు తెగి, ఒకదాని కొస ఇంకోదానికి ముడిపడ్డాది. ఆ ముడి వల్లే ఇదంతా." హైమవతమ్మకి తెలియకుండానే ఆవిడ యాస వచ్చేసింది.

"ఎవులేసినారు ముడి?"

"ఎవరూ వెయ్యలేదు."

"ఎవులూ ఎయ్యకుండా ముడెలగ పడతాదమ్మా? నా సుట్టే ఏసుంతాది."

పొగ మచ్చల సంగతి చెప్పింది డాక్టరమ్మ. రిపోర్టు చూపించింది. కొర్లమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నీ తప్పు లేదంటే మనుషులు ఎగిరి గంతేస్తారనుకునేదాన్ని. కాదండీ. తప్పు మోసేవాళ్ళకి ఆ బరువు దించడం కూడా భయమే. దించితే చేతులు ఖాళీ, ఇక పట్టుకోవడానికేమీ ఉండదు.

అప్పుడు అసిరితల్లి అంది, గడ్డ అడ్డొస్తుంటే మాట ముద్దముద్దగా. "ఏటత్తా నువ్వు? మావ ఉన్నన్నాళ్ళూ సేపలేట నుంచొచ్చిన వల ముందేసుకుని కూకుని సిక్కులు ఇప్పీదానివి కదా. పొద్దున్న ఏసినప్పుడు బాగున్న వల, సాయంత్రానికి ముళ్ళు ముళ్ళు. ఎవులేసీవోరా ముళ్ళు? నువ్వా? మావా?"

"ఎవులేత్తారే ఎర్రిదానా? నీట్లో దానికదే పడతాది" అంది కొర్లమ్మ కసురుకుంటూ.

అనేసి, నోరు అలాగే తెరిచి ఉండిపోయింది.

తను ఏమందో ఆవిడకి మెల్లగా చెవికెక్కింది. మళ్ళీ మైక్రోస్కోపులోకి వంగింది. ఈసారి లేచేసరికి ఆ గాజు మీద తడి ఉంది. "దానికదే పడ్డాదా?" అంది చిన్నపిల్లలాగా. హైమవతమ్మ తలూపింది. కొర్లమ్మ కోడలి ఒళ్ళో మొహం పెట్టి బావురుమంది. గవరయ్య గుమ్మం అవతల నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నేనూ ఏడ్చేదాన్నే, మైనానికి ఆ వీలు లేదు.

"సాల్లే అత్తా. నన్ను సంపాలంటే నీ సుట్ట సాలదు, నీ సేపల పులుసు కావాలి" అంది అసిరితల్లి. ఏడుపులోనే ముసలిది నవ్వింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో పదిహేను రోజుల తర్వాత అన్నం తిందట, గవరయ్య వచ్చి చెప్పాడు. ఎటూ వెళ్ళిపోలేదు. కొడుకు వచ్చినప్పుడు స్టేషనుకి తనే ఎదురెళ్ళింది.

ఆపరేషను చేసి అంగిలి సగం తీసేశారు. కరెంటు, అంటే రేడియేషను, పెట్టారు. అసిరితల్లి అంగిట్లో ప్లాస్టిక్ పలక పెట్టుకుని, కొంచెం ముక్కుతో మాట్లాడుతూ మళ్ళీ గంప ఎత్తింది. ఏడేళ్ళు బతికింది. కూతురు డిగ్రీ చదవడం చూసింది. కానీ ఈ జబ్బుకి మరుపు లేదు. ఏడో ఏట ఊపిరితిత్తుల్లో కనిపించింది. ఆపే మందు ఇంకా పుట్టలేదు.

ఆవిడ పోయిన పన్నెండో రోజున కొర్లమ్మ వచ్చింది. నెత్తిన అదే రకం థర్మోకోల్ పెట్టె, నిండా ఐసు. గవరయ్యకి జుట్టు నెరిసింది, ఇంకో నెలలో రిటైరవుతాడు.

"మనిసినంతా పంపించీసినాం బాబూ. ఈ ముక్క ఒక్కటీ మీ కాడుండిపోనాది. ఇచ్చీ. సముద్రంలో కలిపీత్తాను. సగం మనిసిని ఎక్కడో ఒగ్గీసి అది ఎలగ ఎల్తాది?"

గవరయ్య నన్ను తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. గరుకు చెయ్యి, ఉప్పు వాసన. హైమవతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కావాలంటే దిమ్మని ఇచ్చెయ్యమని రాసిస్తానంది. తర్వాత నెమ్మదిగా, ఇలాంటి దిమ్మలు చాలా తక్కువని, ఆ ముడి విప్పే మందు వెతికేవాళ్ళకి ఇవే ఆధారమని చెప్పింది. మందు దొరుకుతుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పింది.

కొర్లమ్మ నన్ను బొటనవేలితో నిమురుతూ ఉండిపోయింది. అసిరీ అని పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు. నన్ను గవరయ్య చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఉంచు బాబూ. ఇంకో అత్త వస్తాది, నాలాగే గుండె బాదుకుంటా. దానికి సూపించండి."

ఐసు సింకులో వంపేసింది. వెళ్తూ వెళ్తూ గవరయ్య జేబులో బీడీకట్ట చూసి ఆగింది. "అది మానీ. ముడి దానికదే పడతాది. నిప్పు మనం ఎట్టుకుంటాం." ఖాళీ పెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లు దిగింది.

గవరయ్య రిజిస్టరు తెరిచాడు. ప్రతి దిమ్మ ఎదురుగా ఒక గడి ఉంటుంది, ఏళ్ళు నిండాక పారెయ్యాలో ఉంచాలో రాయడానికి. నా నంబరు ఎదుట పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'పారెయ్యరాదు. అడిగిన వాళ్ళకి చూపించాలి. ఇది అత్తగారి మాట.'

తర్వాత నన్ను సొరుగులో పెట్టి మూశాడు. నేను ఇక్కడే ఉన్నాను. చేపల వాసన ఇంకా కొంచెం ఉంది.